టెలివిజను ప్రసారమునకు తాళము వేయుట ఎట్లు?

విద్యార్థులారా! మన కోలారు జిల్లాలో టీవీ లేని యిల్లు నేడు అరుదు. రాబర్ట్‌సన్‌పేటలోనైనను, ఆండర్సన్‌పేటలోనైనను, ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాల పల్లెలలోనైనను టీవీ ప్రక్కన ఒక చిన్న పెట్టె కనబడును. దానిని సెట్ టాప్ బాక్సు అందురు. నెల రుసుము చెల్లింపనిచో ఆ పెట్టె బొమ్మను చూపదు. చెల్లించిన కొంతసేపటికే తిరిగి చూపును. ఎవరును వచ్చి తీగ కోయలేదు. ఎవరును వచ్చి అతుకలేదు. మరి మన రుసుము సంగతి ఆ పెట్టెకు ఎట్లు తెలిసినది? ఒకే వీథిలో ఒక యింట కనబడు ఛానెలు ప్రక్క యింట ఏల కనబడదు?

ఈ ప్రశ్నలకు సమాధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది యంత్రశాస్త్రమునకు మాత్రమే చెందిన విషయము కాదు. కన్నడ దేశమున నివసించుచు తెలుగు చదువుకొను మనవంటి వారి యిండ్లలో మాతృభాష వినబడుటకును, ఆ పెట్టెలోని తాళమునకును దగ్గర సంబంధము గలదు. కావున తల్లిదండ్రులును దీనిని ఓపికతో చదువవలెనని మా కోరిక.

వానవంటి ప్రసారము

మన బంగారు గనులకు 1902వ సంవత్సరమున కావేరి మీది శివనసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. అది సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగల మీద నడచి వచ్చెను. తీగ ఎచటికి పోవునో శక్తియు అచటికే పోవును. తీగ తెంచినచో ఆగిపోవును. గనిలోనికి దిగు దారియు అట్టిదే. షాఫ్టు నోటికడ నిలిచి లెక్క చూచువాడు ఎవరు దిగినదియు, ఎవరు పైకి వచ్చినదియు చెప్పగలడు. దారి యొక్కటియైనపుడు కాపలా సులభము.

ఉపగ్రహ ప్రసారము అట్టిది కాదు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఉపగ్రహము నిలిచి, దేశమంతటిమీద ఒక్కసారిగా సంకేతములను కురిపించును. చిత్తూరు జిల్లాలోని కుప్పము మీద పడిన సంకేతమే మన బంగారుపేట మీదను పడును. రాష్ట్రముల సరిహద్దు రాయి ఆ వానకు అడ్డు కాదు. డబ్బు కట్టినవాని మిద్దె మీద పడి, కట్టనివాని మిద్దె మీద పడకుండుట అసాధ్యము. కేబులు టీవీ సంగతియు కొంతవరకు ఇట్టిదే. ఒకే తీగ వీథి పొడుగునను అన్ని ఛానెళ్ళను మోసికొని పోవును. ఒక్కొక్క యింటికి ఒక్కొక్క ఛానెలును విడదీసి పంపుట ఆ తీగకు చేతకాదు.

దారిని కాపలా కాయుట కుదరనపుడు మిగిలిన ఉపాయ మొక్కటే. పంపు వస్తువునే మరుగుపరచవలెను. సంకేతము అందరి యింటికి చేరవచ్చును. దానిని అర్థవంతమైన బొమ్మగా మార్చు తాళపుచెవి మాత్రము అర్హతగల వారికే చేరవలెను. ఈ ఏర్పాటునకు షరతుతో కూడిన ప్రవేశము అని పేరు.

అంకెలుగా మారిన బొమ్మ

పూర్వపు టీవీలో బొమ్మ విద్యుత్తరంగముగనే ప్రయాణము చేసెడిది. దానిని కలతపెట్టుటకు తరంగములోని కొన్ని భాగములను తారుమారు చేసెడివారు. అమెరికాలో హెచ్.బి.ఓ. అను సంస్థ 1986 జనవరిలో తన ఉపగ్రహ ప్రసారమునకు ఎల్లవేళల మరుగు కల్పించినది. అంతవరకు పెద్ద డిష్షులు పెట్టుకొని ఉచితముగా చూచుచున్నవారికి ఆగ్రహము కలిగినది. ఆ యేడు ఏప్రిల్ 27వ తేది రాత్రి ‘క్యాప్టెన్ మిడ్‌నైట్’ అను మారుపేరుతో ఒకడు ఆ ఉపగ్రహమునకు తానే సంకేతము పంపి, రుసుమును నిరసించు మాటలను కొన్ని నిమిషములపాటు ఆ దేశపు తూర్పు భాగమున కనబరచెను. ప్రసారమునకు తాళము వేయుట మొదలైననాడే దానిపై వివాదమును మొదలైనదని దీనివలన తెలియుచున్నది.

డిజిటల్ టీవీలో బొమ్మయు, మాటయు 1, 0 అను రెండే అంకెల వరుసగా మారును. ఎనిమిది అంకెల గుంపును బైటు అందురు. ఈ వరుసను 188 బైట్ల చొప్పున చిన్న మూటలుగా కట్టుదురు. మూటలో మొదటి 4 బైట్లు ఉత్తరము పైని చిరునామా వంటివి. ఇది ఏ ఛానెలునకు చెందినది, బొమ్మయా, మాటయా అను వివరము అందుండును. మిగిలిన 184 బైట్లు సామాన్యముగా లోపలి ఉత్తరము వంటివి. తాళము వేయునపుడు లోపలి ఉత్తరమునకే వేయుదురు. చిరునామాను విప్పియే యుంచుదురు. అట్లు కానిచో మన పెట్టె తనకు కావలసిన మూట ఏదో గుర్తింపలేదు. ఆ చిరునామాలోనే రెండు అంకెలు ‘ఈ మూటకు తాళము కలదా? కలదేని రెండు చెవులలో దేనితో తెరువవలెను?’ అను సంగతిని తెలుపును.

తాళమును గణితముగా చూచుట

ఈ తాళము ఇనుముతో చేసినది కాదు, గణితముతో చేసినది. దాని మూలసూత్రము తొమ్మిదవ తరగతి బాలునకును బోధపడును. రెండు అంకెలు ఒక్కటేయైనచో 0 వ్రాయుము. వేరు వేరైనచో 1 వ్రాయుము. ఇంతే సూత్రము.

మనము పంపదలచిన వరుస 1011 0010 అనుకొందము. తాళపుచెవి 0110 1001 అనుకొందము. అంకెకు అంకె పోల్చి పై సూత్రము ప్రకారము వ్రాసినచో 1101 1011 వచ్చును. దారిలో దీనిని చూచినవానికి అసలు మాట తెలియదు. దీనినే మరల అదే చెవితో పోల్చి వ్రాయుడు: 1011 0010. అసలు వరుస తిరిగి వచ్చినది! వేసిన చెవియే తీయు చెవి యగుట ఇందలి చమత్కారము. మీరు వేరొక చెవితో ప్రయత్నించి చూడుడు; అసలు వరుస రాదు.

ఎనిమిది అంకెల చెవులు 256 మాత్రమే. ఓపికగల వాడు అన్నిటిని ఒక దినములో ప్రయత్నింపవచ్చును. అందుచేత నిజమైన తాళములలో చెవి పొడుగుగా నుండును. కలుపు విధానమును ఎంతో జటిలముగా నుండును. ఐరోపాలో 1993లో డి.వి.బి. అను సంఘమేర్పడి డిజిటల్ ప్రసారమునకు ఉమ్మడి నియమములను రచించినది. మరుసటి యేడు ఏర్పడిన దాని ఉమ్మడి తాళమునకు 64 అంకెల చెవి. వాడుకలో ఆ 64లో 16 అంకెలు సరిచూచుకొనుటకే పోవుటవలన, నిజముగా మరుగున నుండునవి 48 మాత్రమే. ఐనను 48 అంకెలతో 28,14,74,97,67,10,656 చెవులు ఏర్పడును. క్షణమునకు పది లక్షల చెవులు ప్రయత్నించు యంత్రమునకైనను అన్నిటిని చూచుటకు సుమారు 9 సంవత్సరములు పట్టును. 1994లో ఇది చాలునని తోచినది. యంత్రముల వేగము పెరిగిన కొలది చాలకపోయినది. తరువాత 128 అంకెల చెవితో క్రొత్త తాళము వచ్చినది. గణితమున నేటి భద్రత రేపటికి భద్రత కాదని విద్యార్థులు గ్రహింపవలెను.

ఒకదానిలో ఒకటిగా మూడు పెట్టెలు

చెవి యెంత పొడుగైనను అది లక్షలాది యిండ్లకు చేరవలెను గదా! చేరు దారిలో దొంగల పాలు కాకుండుట ఎట్లు? ఇచట అసలైన నేర్పు కలదు.

మొదటిది, బొమ్మను తెరచు చెవి. ఇది స్థిరముగా నుండదు. కొన్ని క్షణముల కొకమారు మారిపోవుచుండును. ఒక చెవి పనిచేయుచుండగనే తరువాతి చెవి వచ్చి చేరును. అందుచేతనే మూటపై ‘రెండు చెవులలో ఏది’ అను గుర్తు కావలసివచ్చినది.

రెండవది, ఆ చెవిని దాచిన పెట్టె. మారుచున్న చెవిని మరియొక చెవితో మరుగుపరచి, బొమ్మతోపాటే ప్రసారములో పంపుదురు. ఈ రెండవ చెవి కొంతకాలము మారక నిలుచును. రుసుము కట్టినవారందరి దగ్గరను ఇది యుండవలెను.

మూడవది, ఒక్కొక్క యింటి పేర వచ్చు పెట్టె. మన సెట్ టాప్ బాక్సులోనో, అందు దూర్చిన స్మార్టు కార్డులోనో మరి యెచటను లేని రహస్యసంఖ్య యొకటి తయారీనాడే పొందుపరచబడి యుండును. మనము రుసుము కట్టగానే సంస్థవారి లెక్కల యంత్రము ‘ఈ సంఖ్యగల పెట్టెకు ఈ ఛానెళ్ళు’ అను ఆజ్ఞను, రెండవ చెవిని, మన రహస్యసంఖ్యతో మరుగుపరచి ఆకాశమునకు పంపును. ఆ ఆజ్ఞ అందరి పెట్టెలకును చేరును. మన పెట్టె మాత్రమే దానిని విప్పగలదు. రుసుము కట్టిన వెంటనే పెట్టెను వేసి యుంచుమని సంస్థవారు చెప్పుటకు కారణమిదియే. ఆర్పివేసిన పెట్టె ఆ ఆజ్ఞను వినజాలదు.

ఇపుడు మన మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. ఎవరును తీగ కోయలేదు. మన పేరిటి ఆజ్ఞ రాలేదు, అంతే.

మన దేశమున

మన దేశమున 1990 తరువాత కేబులు టీవీ వీథివీథికి వ్యాపించెను. తెలుగున 1995లో ఈ-టీవీ మొదలగు ఛానెళ్ళు వచ్చినవి. అప్పటి కేబులు తీగలో తాళము లేదు. కేబులువాడు ఏవి పెట్టిన అవి వీథివారందరికిని వచ్చెడివి. ఎన్ని యిండ్లున్నవో అతడు చెప్పినదే లెక్క. ఛానెళ్ళవారికి ఆ లెక్కపై నమ్మకము లేదు. చూచువారికి కోరుకొను స్వేచ్ఛ లేదు. ఈ చిక్కును తీర్చుటకై 2002లో కేబులు చట్టమును సవరించిరి. మనకు పొరుగుననున్న చెన్నై నగరమున 2003 సెప్టెంబరు 1న పెట్టెల పద్ధతి అమలునకు వచ్చినది.

2011 నాటి సవరణ దేశమంతటికిని వర్తించినది. ప్రతి ఛానెలును, ఉచితమైన దానిని కూడ, మరుగుపరచియే కేబులులో పంపవలెనని అందలి నియమము. మహానగరములకు 2012 అక్టోబరు 31, బెంగుళూరుతో సహా 38 నగరములకు 2013 మార్చి 31, తక్కిన పట్టణములకు 2015 డిసెంబరు 31, పల్లెలకు 2017 మార్చి 31 గడువులుగా నిర్ణయించిరి. మన గనుల పట్టణము మూడవ వరుసలోను, మన పల్లెలు నాలుగవ వరుసలోను చేరినవి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినపిమ్మట ఆదాయము తగ్గిన కుటుంబములకు ఈ పెట్టె వెల యొక క్రొత్త భారమైనదనుట నిజమే.

చూచుట వేరు, దాచుకొనుట వేరు

ఇంతవరకు చెప్పినది చూచుటకు వేసిన తాళము. పెట్టె దానిని తీసిన పిమ్మట బొమ్మ బట్టబయలగును. దానిని ఎవరైనను నకలు చేసికొని పంచినచో? అందుచేత రెండవ కాపలా వచ్చినది. పెట్టెకును టీవీకిని నడుమ గల తీగలో సయితము అంకెలను మరుగుపరచి పంపుదురు. ఇంటెల్ సంస్థ రూపొందించిన ఈ తీగ తాళమునకు మూలమైన చెవి 2010 సెప్టెంబరులో లోకమునకు బయటపడినది. ఒక రహస్యమును కోట్ల యంత్రములలో దాచినపుడు అది ఎచటనో యొకచోట వెల్లడియగుట వింత కాదు.

అప్పుడప్పుడు టీవీ తెరపై ఒక మూల కొన్ని అంకెలు తళుక్కుమని మెరసి మాయమగుట మీరు చూచియుందురు. అది పాడైన బొమ్మ కాదు. అది మన పెట్టె సంఖ్య, వ్రేలిముద్ర వంటిది. ఎవరైనను తెరను చిత్రించి దొంగతనముగా పంచినచో, ఆ నకలు ఏ యింటినుండి పుట్టినదో ఈ ముద్ర చెప్పును. ఇది దొంగను ఆపదు, పట్టించును.

ఇతర దేశములు ఈ విషయమున ఎట్లు నడచినవో చూతము. జపానులో 2004లో డిజిటల్ ప్రసారమును ఒక్కసారి మాత్రమే నకలు చేయవచ్చునను కట్టడి పెట్టిరి. ప్రజలకు కష్టము కలుగగా, 2008 జూలైలో దానిని పదిసార్లకు సడలించిరి. అమెరికాలో 2003లో ప్రసారపు అధికార సంఘమువారు, నకలును అడ్డగించు గుర్తును ప్రతి యంత్రమును గౌరవింపవలెనని శాసించిరి. గ్రంథాలయముల సంఘమువారు న్యాయస్థానమునకు పోయిరి. ప్రసారము యింటికి చేరిన పిమ్మట యంత్రములను శాసించు అధికారము ఆ సంఘమునకు లేదని 2005 మే నెలలో తీర్పు వచ్చినది. చదువు పక్షమున గ్రంథాలయములు నిలిచి గెలుచుట మనకు ఆనందము కలిగించు విషయము.

చట్టమేమి చెప్పుచున్నది?

మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. ప్రసారము చేసిన సంస్థకు 25 సంవత్సరములపాటు తన ప్రసారముపై హక్కు కలదు. దొంగ కార్డులు వాడుట, ఒక కార్డు చెవిని పదిమందికి పంచుట నేరములు. 2012లో చేర్చిన 65-ఎ అను నిబంధన ప్రకారము, హక్కులను భంగపరచు ఉద్దేశముతో రక్షణ తాళమును ఛేదించినవానికి రెండు సంవత్సరముల వరకు చెరయు, జరిమానాయు విధింపవచ్చును. తక్కువ వెలకు అన్ని ఛానెళ్ళు ఇప్పింతుమని చెప్పువారిని నమ్మవలదని తల్లిదండ్రులకు మా మనవి.

అయితే అదే చట్టము మరియొక మాటయు చెప్పుచున్నది. తన సొంత ఉపయోగము కొరకును, నిజమైన బోధన, పరిశోధనల కొరకును ప్రసారమును ముద్రించుకొనుట తప్పు కాదని 39వ నిబంధన తెలుపును. చట్టము నిషేధింపని పని కొరకు చేసినదానికి 65-ఎ అడ్డు రాదనియు, గూఢలిపి శాస్త్ర పరిశోధనకు చోటు కలదనియు అచటనే వ్రాయబడినది. ఒక ఉపాధ్యాయుడు తెలుగు పద్యనాటకమును ముద్రించి తరగతిలో చూపదలచినచో చట్టము అడ్డుపెట్టదు; కాని పెట్టె అడ్డుపెట్టవచ్చును. ముద్రించినను అది సామాన్యముగా ఆ పెట్టెలోనే తెరచుకొనును, వేరొకచోట తెరచుకొనదు. చట్టమునకు వివేచన కలదు, తాళమునకు లేదు. దొంగయెవరో గురువెవరో తాళము ఎరుగదు. ఈ వ్యత్యాసమును బాగుగ గుర్తుంచుకొనుడు.

మన యింటి తెలుగు

ఇక మనకు ముఖ్యమైన మాట. తాళము లేని కాలమున తెలుగు ఛానెలు మన యింటికి అడుగకుండగనే వచ్చెడిది. వీథిలో తెలుగువారున్నారని కేబులువాడు ఎరిగి పెట్టెడివాడు. పెట్టెలు వచ్చిన పిమ్మట ప్రతి యింటికి వేరు వేరు ఆజ్ఞ. అడిగినవారికే ఛానెలు వచ్చును, అడుగనివారికి రాదు. ప్యాకులను సామాన్యముగా రాష్ట్రమునుబట్టి, ప్రాంతమునుబట్టి కట్టుదురు. కర్ణాటకమునకు కట్టిన ప్యాకులో కన్నడము ముందుండుట సహజము, అది న్యాయమే. మనము నివసించు నేల భాష అది. దానిని నేర్చుట మన విధి. కాని ఆ ప్యాకులో తెలుగు లేదని ఊరకుండినచో, తెలుగు మన యింటినుండి తొలగినది ఎవరో ద్వేషించుటవలన కాదు, మనము అడుగకపోవుటవలన. అడుగనిదే అమ్మయైనను పెట్టదు.

అడుగు హక్కు మనకు కలదు. ట్రాయ్ అను నియంత్రణ సంఘమువారు 2017లో రచించి 2019లో అమలుపరచిన నియమముల ప్రకారము, ప్రతి ఛానెలునకును విడిగా వెల ప్రకటింపవలెను. ప్యాకుతో నిమిత్తము లేక కోరినవారికి విడిగా ఇయ్యవలెను. అప్పుడు 100 ఛానెళ్ళ వరకు మూలరుసుము, పన్ను గాక, 130 రూపాయలకు మించరాదను హద్దు ఉండెను. 2024లో ఆ హద్దును తొలగించిరి. కావున ఇపుడు సంస్థ సంస్థకు వెల వేరు. సంతకము చేయుటకు ముందు పట్టికను తెప్పించుకొని, పిల్లలచే చదివించుకొని, కావలసిన తెలుగు ఛానెళ్ళను వాని సంఖ్యలతో వ్రాసి ఇచ్చుట మంచిది. అన్నియు కొననక్కరలేదు; ఒకటి రెండు చాలును.

రుసుము భారమైన కుటుంబములకు మరియొక తలుపు కలదు. దూరదర్శనువారు 2004 డిసెంబరులో ప్రారంభించిన ఉచిత ప్రసారము నేడు డి.డి. ఫ్రీ డిష్ అను పేర నడచుచున్నది. డిష్షును, పెట్టెను ఒక్కమారు కొనినచో నెల రుసుము లేదు. సప్తగిరి, యాదగిరి అను రెండు తెలుగు ఛానెళ్ళు అందు వచ్చును. ప్రయివేటు తెలుగు ఛానెళ్ళన్నియు అందు లభింపవు. ఐనను పాఠములు, వార్తలు, సంగీతము, సాహిత్యము వినగోరువారికి అది చిన్న ఆధారము కాదు. 2017లో 32 ఛానెళ్ళతో మొదలైన స్వయంప్రభ అను విద్యా ప్రసారములును రుసుము లేనివే.

పుస్తకము వ్రాసినవానికి, పాటపాడినవానికి, నాటకమాడినవానికి కూలి ముట్టవలెను. అందుకు తాళము కావలసివచ్చినది. దానిని మేము నిందింపము. కాని ఏ భాషయు తాళము చాటుననే పెరుగజాలదు. కొంత భాగము తాళము లేని వాకిట నుండవలెను. ఆ వాకిలిని తెరచియుంచుట ప్రభుత్వము పని. అడిగి తెచ్చుకొనుట తల్లిదండ్రుల పని. తెచ్చినదానిని విని, చదివి, వ్రాసి నిలుపుకొనుట, విద్యార్థులారా, మీ పని.

అభ్యాసము

1. 0101 1100 అను వరుసను 1110 0011 అను చెవితో మరుగుపరచుము. వచ్చినదానిని అదే చెవితో విప్పి సరిచూడుము.

2. 10 అంకెల చెవులు ఎన్ని ఏర్పడును? 20 అంకెలవి ఎన్ని? అంకెలు రెట్టింపైనచో చెవులు రెట్టింపగునా?

3. మూటలోని చిరునామాకు ఏల తాళము వేయరు? సొంతమాటలలో వ్రాయుము.

4. మీ యింటి సెట్ టాప్ బాక్సులో వచ్చు తెలుగు ఛానెళ్ళెన్ని? అందు వెల గలవి ఏవి, లేనివి ఏవి? పెద్దలనడిగి పట్టిక వ్రాయుము.

5. చట్టము అనుమతించిన పనిని తాళము అడ్డగించిన ఏమి చేయవలెను? తరగతిలో చర్చింపుడు.